అమ్మకి ఇంగ్లీషు రాదు, పొలం పోతుందని భయం: అమెరికా పౌరసత్వానికి వేయమంటారా?

ఉండి అమ్మాయి (ప్లానో, టెక్సస్):

అందరికీ నమస్కారం. ఇన్నాళ్ళూ చదవడమే కానీ రాయడం ఇదే మొదలు. కాస్త పొడుగైంది, ఓపిక పట్టండి.

నేను 2008లో పౌరసత్వం తీసుకుని అమ్మకీ నాన్నకీ గ్రీన్‌కార్డుకి వేశాను. 2009 జూన్‌లో వచ్చాయి. నాన్న 2015లో పోయారు. అమ్మకి ఇప్పుడు 66 నిండాయి. మాది భీమవరం దగ్గర, ఉండి పక్కన పల్లెటూరు. అమ్మ ఎనిమిదో తరగతి దాకా చదువుకుంది. తెలుగు పేపరు చేతికందితే పెళ్ళి ప్రకటనలతో సహా వదలదు. ఇంగ్లీషు మాత్రం థాంక్యూ, బైబై, కాస్ట్‌కో. అంతే.

అమ్మకి ఇక్కడా ఉండాలని ఉంది, అక్కడా ఉండాలని ఉంది. ఇక్కడ మనవలు. అక్కడ మా పిన్ని, ఇల్లు, పెరట్లో మామిడిచెట్టు. గత ఐదేళ్ళలో రెండుసార్లు నాలుగేసి నెలలు ఉండి వచ్చింది. 2023 డిసెంబరులో వెళ్ళినప్పుడు మాత్రం పిన్నికి మోకాలి ఆపరేషన్ అయింది. ఆవిడకి తోడుగా ఉండిపోయి, పన్లోపనిగా ఎన్నికల్లో ఓటు కూడా వేసి, 2024 జూలైలో తిరిగొచ్చింది. ఏడు నెలల పది రోజులు. దిగినప్పుడు ఎయిర్‌పోర్టులో "మీరుండేది ఇక్కడా, అక్కడా?" అని అడిగారట. వీల్‌చైర్ తోసే అబ్బాయి సాయం చేద్దామని దాన్ని హిందీలో చెప్పాడట. అమ్మకి హిందీ కూడా రాదు. అప్పట్నుంచీ టికెట్ బుక్ చేసినప్పుడల్లా తనకీ టెన్షన్, నాకూ టెన్షన్.

అందుకే పౌరసత్వానికి వేద్దామన్నాను. ఆ మాట ఫోన్లో పిన్నికి చేరింది. "దేశం మారితే పొలం సర్కారు తీసేసుకుంటుందంట అక్కా" అంది పిన్ని. ఇంకేముంది! అమ్మ పేరున ఎకరం ఎనభై సెంట్లు ఉంది. 1976లో పెళ్ళప్పుడు తాతయ్య పసుపు కుంకుమ కింద ఇచ్చిన పొలం. ఇప్పుడు రొయ్యల చెరువుకి లీజుకిచ్చాం. "మా నాన్న ఇచ్చింది, నా చేతులారా పోగొట్టుకోను" అని రెండు వారాలుగా అదే మాట.

ఇంగ్లీషు రాకుండా పౌరసత్వం పరీక్ష గట్టెక్కే దారి ఉందా? ఆ ఏడు నెలల ప్రయాణం అడ్డమవుతుందా? పొలం నిజంగా పోతుందా? ఇంట్లో పెద్దవాళ్ళకి చేయించినవాళ్ళు చెబితే అమ్మకి చదివి వినిపిస్తాను.


ఎడిసన్ కోడలు:

మా మామగారికి రెండేళ్ళ క్రితం అయింది. ఇంచుమించు మీ అమ్మగారి కేసే.

ఇంగ్లీషు సంగతి ముందు. వయసు 55 దాటి, గ్రీన్‌కార్డు మీద 15 ఏళ్ళు నిండినవాళ్ళకి ఇంగ్లీషు చదవడం, రాయడం, మాట్లాడడం ఏదీ అక్కర్లేదు. 50 దాటి 20 ఏళ్ళయినా అంతే. మీ అమ్మగారికి 2024 జూన్‌కే 15 ఏళ్ళు నిండాయి. కాబట్టి పౌరశాస్త్రం ప్రశ్నలు మాత్రమే, అవి కూడా తెలుగులో. దుబాసీని మనమే తీసుకెళ్ళాలి. పౌరసత్వానికి వేసే ఎన్-400 ఫారంలో ఈ మినహాయింపు అడిగే గడి ఉంటుంది, దాన్ని టిక్కు పెట్టడం మర్చిపోకండి.

ఐతే ప్రశ్నలు పెరిగాయి. 2025 అక్టోబరు 20 నుంచి దరఖాస్తు పెట్టినవాళ్ళకి కొత్త పరీక్ష. పుస్తకంలో 128 ప్రశ్నలు, అడిగేవి 20, పన్నెండు సరిగ్గా చెప్పాలి. మా మామగారి రోజుల్లో నూరులో పది అడిగి ఆరు చెబితే చాలన్నారు. తప్పితే 60 నుంచి 90 రోజుల లోపు ఇంకోసారి పిలుస్తారు.

ప్రయాణం మాట. గత ఐదేళ్ళలో కనీసం 30 నెలలు ఈ దేశంలో ఉండాలి, మీ లెక్క ప్రకారం అది సులువుగా సరిపోతుంది. కానీ ఒకే ప్రయాణం ఆరు నెలలు దాటితే "కాపురం ఇక్కడిది కాదేమో" అని వాళ్ళు అనుకుంటారు. కాదు, ఇక్కడిదే అని చూపించాల్సింది మనం. ఏడాది దాటితే ఆ దారి కూడా ఉండదు, లెక్క మళ్ళీ మొదట్నుంచే. మా మామగారిది ఎనిమిది నెలలు. మేం పట్టుకెళ్ళినవి: ఆయన టాక్స్ రిటర్న్‌లు, ఇన్సూరెన్స్ కార్డు, ఇక్కడి డాక్టరు దగ్గర ముందే తీసుకున్న అపాయింట్‌మెంట్లు, ఇండియాలో ఉండిపోవడానికి కారణమైన ఆస్పత్రి కాగితాలు. మీ పిన్నిగారి ఆపరేషన్ డిశ్చార్జి సమ్మరీ తెప్పించి పెట్టుకోండి, అందులో తేదీలుంటాయి. మాకు ఆ రోజు ఏమీ తేల్చలేదు. నెల తర్వాత ప్రమాణానికి రమ్మని ఉత్తరం వచ్చింది.

ఇంకోటి, పేరు. మీ అమ్మగారి పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉందా? మా మామగారిది అలాగే ఉండి, ఇక్కడ అన్ని కార్డుల మీదా ఎఫ్‌ఎన్‌యూ అని పడింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్ అట. అరవై ఏళ్ళొచ్చిన మనిషిని పేరు తెలియనివాడిగా రాశారు. ఎన్-400లోనే పేరు మార్చుకునే అవకాశం ఉంటుంది, దానికి కోర్టులో జరిగే ప్రమాణానికి వెళ్ళాలి. మేం ఎగిరి గంతేసి మార్పించాం. తర్వాత ఓసీఐకి (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళకి ఇండియా ఇచ్చే కార్డు) ఒక పేరు, పాత పాస్‌పోర్టుకి ఒక పేరు, పట్టాదారు పాసుపుస్తకంలో ఇంకో పేరు. ముగ్గురూ ఒకరేనని అఫిడవిట్ల మీద అఫిడవిట్లు. పొలం ఉన్నవాళ్ళు పేరు జోలికి వెళ్ళకపోవడమే మంచిది.


ఎఫ్‌బార్ బాధితుడు:

నేను కొంచెం ఎదురు మాట్లాడతాను, ఏమనుకోకండి. గ్రీన్‌కార్డు ఉంది కదా, 66 ఏళ్ళ పెద్దావిడకి ఈ పరీక్షలు, ప్రమాణాలు ఎందుకండీ? పౌరసత్వం వచ్చాక ఆవిడ ఉండిలో కూర్చున్నా, అంటార్కిటికాలో కూర్చున్నా ప్రపంచంలో ఎక్కడ సంపాదించినా అమెరికాకి లెక్క చెప్పాలి. రొయ్యల చెరువు లీజు కూడా. ఇండియా బ్యాంకుల్లో అన్నీ కలిపి ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ అని విదేశీ ఖాతాల లెక్క చెప్పే ఫారం వేరే. నిజమే, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకి కూడా ఈ రెండూ ఉన్నాయి. కానీ గ్రీన్‌కార్డు వద్దనుకుంటే తిరిగి ఇచ్చేసి ఇంటికి పోవచ్చు. పౌరసత్వం వదులుకోవడం అంత తేలిక కాదు.

ఏడాది పైన ఇండియాలో ఉండాలంటే వెళ్ళేముందు రీ-ఎంట్రీ పర్మిట్ తీసుకుంటే సరి, రెండేళ్ళ దాకా ఇస్తారు. లేదా 2029 జూన్ దాకా ఆగండి. గ్రీన్‌కార్డుకి 20 ఏళ్ళు నిండుతాయి. 65 దాటి 20 ఏళ్ళున్నవాళ్ళకి 128 కాదు, ఏరిన 20 ప్రశ్నలే చదువుకోవాలి, పది అడుగుతారు, ఆరు చెబితే చాలు. ఆ జూలైకి మీ ఏడు నెలల ప్రయాణం కూడా ఐదేళ్ళ లెక్కలోంచి జారిపోతుంది. మూడేళ్ళే కదా.


రిటైర్డ్ డి.టి., గుడివాడ:

అమ్మాయ్, ఇది ఫోనుకి చెబుతుంటే అదే టైపు చేసుకుంటోంది, అక్షరాలు తప్పితే సర్దుకో. నాకు 81. రెవెన్యూలో గుమాస్తాగా చేరి డిప్యూటీ తహసీల్దారుగా 2003లో దిగిపోయాను. కొడుకు షార్లెట్‌లో ఉంటాడు. 2004లో గ్రీన్‌కార్డు, 2019లో పౌరసత్వం. మీ అమ్మ దారిలోనే, తెలుగులోనే. కాబట్టి నేను చెప్పేది విన్నది కాదు, పడ్డది.

ముందు పొలం. మీ పిన్ని చెప్పింది మా ఊళ్ళో రచ్చబండ మీద కూడా చెప్పారు నాకు. పోదు. ఇండియాలో నివాసం ఉన్న రోజుల్లో సంపాదించుకున్న ఆస్తి, అది పొలమైనా సరే, తర్వాత విదేశాలకి పోయినా నీదే. ఫెమా అనే విదేశీ మారకద్రవ్య చట్టం ఆరో సెక్షన్‌లో ఆ మాట ఉంది. 1976లో వచ్చిన పొలం, 2009 దాకా ఊళ్ళోనే ఉన్న మనిషి. ఇక సర్కారు తీసుకునేదేముంది? మీ అమ్మ గమనించనిది ఒకటుంది. కొత్తగా పొలం కొనే హక్కు ఆవిడ అమెరికాలో కాపురం పెట్టినప్పుడే పోయింది. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్నారైకి కూడా పొలం, తోట, ఫాంహౌస్ కొనే వీల్లేదు. ఈ ప్రమాణంతో పొలం విషయంలో కొత్తగా పోయేదేమీ లేదు.

అమ్మాలంటే మాత్రం ఇండియాలో ఉండే భారత పౌరుడికే అమ్మాలి. నీకు ఇవ్వాలనుకుంటే గిఫ్ట్ డీడ్ రాయకూడదు, నువ్వు ఓసీఐవి కాబట్టి పొలం దానంగా పుచ్చుకోకూడదు. వీలునామా రాయించు. వారసత్వంగా రావడానికి అడ్డులేదు. దానికంటే ముందు చూసుకోవాల్సింది, మీ తాతయ్య ఇచ్చింది రిజిస్టరు దస్తావేజా, తెల్లకాగితమా, నోటిమాటా అన్నది. పసుపు కుంకుమ పొలాలు సగం నోటిమాట మీదే నడిచేవి. అందులోనూ 1976 అంటే భూపరిమితి చట్టం వేడి మీదున్న రోజులు. 1975లో డిక్లరేషన్లు తీసుకున్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఎవరెవరి కూతుళ్ళకి ఎందుకు పొలాలొచ్చాయో నాకు తెలుసులే. 1బి, అడంగల్ (రెవెన్యూ భూమి రికార్డులు) తీయించి మీ అమ్మ పేరు ఎలా ఉందో, విస్తీర్ణం ఎంతుందో చూడు. భయపడాల్సింది పౌరసత్వానికి కాదు, పక్క చెరువు గట్టు ఏటా అడుగు జరగడానికి.

ఇక పరీక్ష. మా కోడలు నూరు ప్రశ్నలూ తెలుగులో రెండొందల పేజీల నోటుబుక్కులో రాసిచ్చింది. డెబ్భై దాటిన బుర్రకి అంకెలు నిలుస్తాయా? నేనో ఉపాయం పట్టా. సెనేటర్లు 100, కౌరవులు నూరుమంది. రాజ్యాంగ సవరణలు 27, అశ్విని నుంచి రేవతి దాకా. సుప్రీంకోర్టు జడ్జీలు 9, నవగ్రహాలు. ప్రతినిధుల సభకి 435 దొరకలేదు. తర్వాత గుర్తొచ్చింది, మా చేను పక్కది సర్వే నంబరు 435. ఇక ఈ జన్మకి మర్చిపోను. మా ఆవిడకి ఇవేమీ అక్కర్లేకపోయింది. నాకంటే రెండు వారాల ముందు వెళ్ళి వరసగా ఆరు చెప్పేస్తే ఏడోది అడగనే లేదట. ఇప్పటికీ ఇంట్లో ఆ ముచ్చట నడుస్తూనే ఉంది.

నా దుబాసీ గుళ్ళో పరిచయమైన కుర్రాడు, మంచివాడే, కాకపోతే ఇక్కడ పుట్టి పెరిగినవాడు. మొదటి ప్రశ్నే "భూమికి అన్నిటికంటే పెద్ద చట్టం ఏది?" అన్నాడు. నాకు గుండె జారింది. నూరు ప్రశ్నల్లో భూమి చట్టం ఎక్కడుంది? భూపరిమితి చట్టం అనబోయి ఆగా. తర్వాత వెలిగింది, వీడు ల్యాండ్ అన్న మాటని భూమి చేశాడు, అది దేశం అని. "రాజ్యాంగం" అన్నా. ఆఫీసరమ్మ నవ్వుమొహంతో తలూపింది. కాబట్టి అమ్మాయ్, దుబాసీని ముందే ఇంటికి పిలిచి, నోటుబుక్కులో ఏ మాటలున్నాయో ఆ మాటలతోనే నాలుగు రోజులు అడిగించు. పరీక్ష మీ అమ్మకి ఎంతో అతనికీ అంతే.

పౌరశాస్త్రం అయ్యాక అసలు తమాషా ఫారం ప్రశ్నలు. ఎప్పుడైనా తాగుబోతుగా ఉన్నారా? ఒకేసారి ఇద్దరు భార్యలున్నారా? చట్టం అడిగితే ఈ దేశం కోసం ఆయుధం పడతారా? మనవడి వయసు దుబాసీ కుర్రాడు తలొంచుకుని నన్ను ఇవన్నీ అడుగుతుంటే, రెండు మోకాళ్ళూ మార్పించుకున్నవాణ్ణి, "పడతాను" అన్నా. ఆ తర్వాత కమ్యూనిస్టు పార్టీలో ఎప్పుడైనా సభ్యులుగా ఉన్నారా అంది. కృష్ణా జిల్లావాణ్ణి పట్టుకుని! ఊరేగింపులో నడవడం వేరు, సభ్యత్వం వేరు. నాకు సభ్యత్వం లేదు, లేదనే చెప్పా. ఎవరికైనా ఉంటే దాచకూడదు, ముందు లాయరుతో మాట్లాడుకుని వెళ్ళాలి. ప్రమాణం చేసి చెప్పే మాటలవి, అబద్ధం దొరికితే ఎన్నేళ్ళ తర్వాతైనా తిరగదోడతారు.

పైన ఒకాయన 2029 దాకా ఆగమన్నాడు. లెక్క తప్పు కాదు. కానీ ఆ మూడేళ్ళూ మీ అమ్మ ఊరికి వెళ్ళి నూట డెబ్భయ్యో రోజు పెట్టె సర్దుకోవాలి. మళ్ళీ ఎవరికో ఆపరేషన్ వస్తే? 66లో 128 ప్రశ్నలు కష్టం. 69లో 20 తేలికే. మధ్యలో ఒంట్లో బాగుంటుందని ఎవరు రాసిచ్చారు?

నేను ఎందుకు తీసుకున్నానో చెప్తా విను. ఇక్కడ ఉండడానికి కాదు, అక్కడ ఉండడానికి. గ్రీన్‌కార్డు ఉన్నన్నాళ్ళూ ఊళ్ళో నాలుగో నెల దాటితే కొడుకు ఫోన్లు మొదలయ్యేవి. ఇప్పుడు అమెరికా పాస్‌పోర్టు, దాంతోపాటు ఓసీఐ. ఓసీఐ అంటే జీవితాంతం వీసా, ఎన్నాళ్ళున్నా పోలీసు రిజిస్ట్రేషన్ లేదు, ఎవరూ అడగరు. ఏడాదిలో ఏడెనిమిది నెలలు గుడివాడలోనే ఉంటున్నా. ఆవకాయ పెట్టాకే తిరిగొస్తాం. ఈ కార్డు మొదటిసారి జనం చేతికిచ్చింది కూడా మన హైదరాబాదులోనే, 2006 జనవరిలో, ప్రవాసీ భారతీయ దివస్ జరిగినప్పుడు.

పోయేది ఒకటుంది, దాచను. ఓటు. మనకి రెండు పౌరసత్వాలు లేవు. 1955 చట్టం తొమ్మిదో సెక్షన్ ప్రకారం అమెరికాలో ప్రమాణం చేసిన క్షణమే భారత పౌరసత్వం పోయినట్టు. నేను ముప్పై ఏళ్ళు పోలింగ్ డ్యూటీలు చేశా. పెట్టెలు మోసిన రోజుల నుంచి మెషిన్ల దాకా చూశా. ఎంతమంది వేళ్ళకి సిరా పెట్టించానో లెక్కలేదు. ప్రమాణం అయ్యాక ఊరెళ్ళి, ఓటర్ల జాబితాలో నా పేరు తీసేయమని ఫారం 7 నేనే నింపి ఇచ్చా. తీసుకున్న కుర్రాడు "ఎవరు చనిపోయారండీ?" అన్నాడు. 2024 మే 13న పోలింగ్ రోజు ఊళ్ళోనే ఉన్నా. అరుగు మీద కూచున్నా. వెళ్ళొచ్చేవాళ్ళందరూ వేలు చూపించి "మీరు వేశారా బాబాయ్" అని అడుగుతుంటే, "పొద్దున్నే అయిపోయింది" అని అబద్ధం చెప్పా. అమెరికాలో 2020 నవంబరులో వేశా. సిరా లేదు, చొక్కాకి అంటించుకునే స్టిక్కరు ఇచ్చారు.


మావుళ్ళమ్మ భక్తుడు:

డీటీ గారికి నమస్కారం. ఫారం 7 దగ్గర రెండుసార్లు చదువుకున్నాను.

భీమవరం మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. మన శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారు భీమవరంలో పుట్టినవారే. 1920ల మొదట్లో అమెరికా వచ్చారు. ఆ రోజుల్లోనే, 1923 ఫిబ్రవరిలో, ఇక్కడి సుప్రీంకోర్టు భగత్ సింగ్ థింద్ కేసులో భారతీయులు తెల్లవాళ్ళు కారు కాబట్టి పౌరసత్వానికి పనికిరారని తీర్పు చెప్పింది. అప్పటికే ఇచ్చినవాళ్ళలో కొందరి దగ్గర వెనక్కి లాక్కున్నారు కూడా. 1946లో లూస్-సెల్లర్ చట్టం వచ్చాక గానీ మనవాళ్ళకి దరఖాస్తు పెట్టుకునే హక్కు రాలేదు. ఆయన 1948లో పోయారు, పౌరుడు కాకుండానే. ఈ దేశంలో పాతికేళ్ళు పనిచేసిన మనిషి. మీ అమ్మగారికి తెలుగులో అడుగుతామంటున్నారు. నేనైతే వేయించేవాణ్ణి.


ఎడిసన్ కోడలు:

ఒకటి రాయడం మర్చిపోయాను. ప్రమాణం రోజు గ్రీన్‌కార్డు అక్కడే తీసేసుకుంటారు. భారత పాస్‌పోర్టు ఆ గంట నుంచి వాడకూడదు, వాడితే నేరం. అమెరికా పాస్‌పోర్టు ఇంకా చేతికి రాలేదు. అది వచ్చాక పాత పాస్‌పోర్టు సరెండర్ చేయాలి, తర్వాత ఓసీఐ. 275 డాలర్లు, దరఖాస్తులు తీసుకునే వీఎఫ్ఎస్ వాళ్ళ చార్జీలు వేరే. ఈలోపు ఇండియాలో ఏదైనా జరిగితే కదలలేం. మా మామగారికి ఆ నెలల్లోనే వాళ్ళన్నయ్య పోయారు. వీసా పట్టుకుని వెళ్ళేసరికి పదకొండో రోజు. ఊళ్ళో పెళ్ళిళ్ళు, శుభకార్యాలు చూసుకుని ఆ వరసలో దరఖాస్తు పెట్టండి. పౌరసత్వం దరఖాస్తు ఫీజు ఆన్‌లైన్లో 710 డాలర్లు, కాగితం మీదైతే 760.


ఉండి అమ్మాయి:

అందరికీ చాలా థాంక్స్. నిన్న రాత్రి అన్నం తిన్నాక అమ్మని కూచోబెట్టి మొదటి నుంచి చివరి దాకా చదివాను. కౌరవుల దగ్గర నవ్వింది. "పక్క చెరువు గట్టు జరగడం" దగ్గర ఆపి, "ఆయనకెలా తెలుసే మన సంగతి?" అంది. నిజంగానే రెండేళ్ళుగా ఆ గొడవ ఉంది.

దస్తావేజు వెతికించాం. పిన్ని ట్రంకుపెట్టెలో ఉంది. 1976లోనే రిజిస్టరైంది, తాతయ్య సంతకం, ఆయన వేలిముద్రలతో. అమ్మ ఇంటిపేరు మాత్రం పుట్టింటిది. పాస్‌పోర్టులో మా నాన్నది. పేరు మార్పించే ఆలోచన మానేశాం అక్కా.

ఎఫ్‌బార్ అన్నగారూ, మీరు చెప్పింది కూడా అమ్మకి చదివాను. "టాక్సు కట్టేంత వస్తే సంతోషమేగా" అంది. లీజు డబ్బు లెక్క మాత్రం మా టాక్సులు చూసే సీపీఏ గారిని అడిగి సరిచేయిస్తున్నాం.

ఓటు సంగతి దగ్గర మాత్రం చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. పడుకునే ముందు వచ్చి, "పోయినసారి వేశాను కదా, అది చాల్లే" అంది. పొద్దున్నే లేచి మళ్ళీ, "ఆ గుడివాడ బాబాయిగారిని ఒకటి అడుగు, ప్రమాణం కూడా తెలుగులో చేయిస్తారా? అర్థం తెలియకుండా నేను ఒట్టు పెట్టను" అంది.

వచ్చే వారం ఎన్-400 నింపడం మొదలుపెడుతున్నాం. పిన్ని డిశ్చార్జి కాగితాలు వాట్సాప్‌లో వచ్చేశాయి.


రిటైర్డ్ డి.టి., గుడివాడ:

మీ అమ్మ అడిగింది సరైన ప్రశ్న. అర్థం ఇంటర్వ్యూ రోజునే దుబాసీ చేత తెలుగులో చెప్పిస్తారు, ఒప్పుకుంటున్నారా అని అడుగుతారు. ఇంతకుముందు ఏ రాజుకి, ఏ దేశానికి విధేయుడిగా ఉన్నా అది వదులుకుంటున్నా అని అందులో ఉంటుంది. ఆ వాక్యం ముందే చదివి వినిపించు. నేను అక్కడ కాసేపు ఆగా. ఆఫీసరమ్మ తొందరపెట్టలేదు. సభ రోజు మాత్రం హాలునిండా జనం, ఇంగ్లీషులో ఒకావిడ ముక్కలు ముక్కలుగా చెబుతుంటే అందరూ చెయ్యెత్తి అంటున్నారు. నేనూ అన్నా, సగం ఆవిడ మాట, సగం నాకు తోచింది. చేతికి చిన్న జెండా ఇచ్చారు, మనవడు కారులోనే విరగ్గొట్టాడు.

మీ అమ్మ ఓటు ఊరి జాబితాలో పాత పద్ధతిలోనే ఉంటే అదీ ఒకసారి చూసుకో. విదేశంలో ఉండే పౌరులకి వేరే ఫారం ఉంది, 6ఏ. ఇప్పుడు ఎటూ దాని అవసరం ఉండదు, కానీ ప్రమాణం అయ్యాక మాత్రం పేరు జాబితాలో ఉంచొద్దు. ఫారం 7 ఇచ్చేటప్పుడు ఎవరు పోయారని అడిగితే నవ్వేసి ఊరుకోమను.

మా కోడలు రాసిన నోటుబుక్కు ఉంది, అందులో పాత నూరు ప్రశ్నలే. కొత్తగా చేరినవి నువ్వు ఆఖర్న రాసుకో. ఆదివారం మనవడు ఫోటోలు తీసి పంపిస్తాడు. 435 దగ్గర సర్వే నంబరు రాసుంటుంది, అది కొట్టేసి మీ నంబరు ఏదైనా కలుస్తుందేమో చూసుకోమను.